చూసి రాసిన సున్నా

కడియం రోడ్డులో మా ఇంటికి ఎదురుగా ఉన్న నర్సరీవాళ్ళు ఈమధ్య ఒక పాత ఇనప డ్రమ్మును నిలువునా రెండుగా కోయించి, మట్టి నింపి, నూరువరహాల మొక్కలు పెట్టారు. మధ్యాహ్నం ఎండ ముదిరాక వాళ్ళు గొట్టంతో నీళ్ళు కొడతారు. అప్పుడు ఆ డ్రమ్ములోంచి ఒక వాసన లేచి, రోడ్డు దాటి, మా అరుగు మీదికి వస్తుంది. తడిమట్టి వాసన కింద దాక్కుని వచ్చే వాసన అది. కాస్త తియ్యగా, కాస్త మాడినట్టుగా ఉంటుంది. నర్సరీ ఆవిడ మొక్కల మధ్య నుంచి తలెత్తి, "ఏంటండీ సత్తిబాబుగారూ ఈ కంపు? కిరసనాయిలంటారా?" అని అడిగింది. "కాదమ్మా, టర్బైను నూనె" అన్నాను. అన్నానే గాని, అరుగు మీంచి చాలాసేపు లేవలేకపోయాను. ఆ వాసన వెనకాలే తెల్లచొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకుని సోమయాజులు గారు నడిచి వచ్చారు.

ఆయన గురించి రాయాలని అప్పుడే అనుకున్నాను. మా విద్యుత్ కేంద్రం ఇప్పుడు లేదు. యంత్రాలు విప్పి లారీల మీద తీసుకుపోయారు. రిజిస్టర్లు తూకానికి పోయాయి. సోమయాజులు గారు పోయి చాలా ఏళ్ళయింది. ఆయనకి పేరు తెచ్చే పని ఏదీ ఆయన చెయ్యలేదు. పేరు పోయే పని ఒకటి, నా వల్ల, చేశారు. అది ఆయనెందుకు చేశారో తెలిసినవాళ్ళలో రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను ఇంటర్ తప్పినవాణ్ణి. ఆ తరవాత చదువుకున్నదంతా మా శాఖా గ్రంథాలయంలో చదువుకున్నదే, ఆ మాట గర్వంగానే చెప్పుకుంటాను. బీరువాల్లో ఉన్న అర్థశాస్త్రం, చరిత్ర, భౌతికశాస్త్రం ఒక్కటీ వదల్లేదు. కానీ ఆయన దగ్గర నేర్చుకున్నది వాటిలో వెతికితే దొరకలేదు. అందుకే ఈ నాలుగు పేజీలు.

తొంభైల్లో మా ఊరి పక్కన గ్యాసుతో కరెంటు తయారుచేసే కేంద్రం కట్టారు. మా నాన్న వీర్రాజు ఎకరన్నర చెరుకుతోట అందులోకి పోయింది. భూమి ఇచ్చిన ఇంటికొక ఉద్యోగం అన్నారు కాబట్టి నాకు కంట్రోల్ రూములో పని దొరికింది. గంటగంటకీ మీటర్లు చూసి కాగితం మీద అంకెలు రాయడం నా పని. చిన్నప్పుడు చెరుకు గడ నమిలిన చోటే ఇప్పుడు చల్లటి గదిలో కుర్చీ మీద కూర్చున్నానని తలుచుకుంటే మొదటి రోజుల్లో కాళ్ళు నేల మీద ఆనినట్టుండేది కాదు. గోడ అవతల యంత్రం ఎప్పుడూ ఒకే శ్రుతిలో మోగుతూ ఉండేది. ఆ మోత చెవులకి వినబడటం మానేసి ఒంట్లోకి దిగిపోయేది. చిమ్నీ మీది గాలి వేడికి వణుకుతుంటే దాని వెనక కనబడే కొబ్బరిచెట్లు నీళ్ళలో నీడల్లా ఊగేవి.

కంట్రోల్ రూముకి ఇన్‌చార్జి సోమయాజులు గారు. కోనసీమ మనిషి, అంబాజీపేట దగ్గర పల్లెటూరు. వయసంతా ఎక్కడెక్కడో బొగ్గు స్టేషన్లలో గడిపి, చివరి ఉద్యోగానికి గోదావరి ఒడ్డుకి వచ్చారు. బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా ఒక నల్లటి పలక పెట్టుకునేవారు. అది బొగ్గుగనిలో దొరికిన రాయి. దాని మీద చిన్న ఆకు అచ్చు పడి ఉండేది, ఈనెలతో సహా. నేను చేరిన వారానికి దాన్ని నా చేతిలో పెట్టారు.

"ఏంటిది చెప్పు?"

"ఆకండీ."

"ఆకే. మనుషులనేవాళ్ళు ఇంకా పుట్టని రోజుల్లో కాసిన ఎండ తాగిన ఆకు. ఆ ఎండే భూమిలో పడుకుని బొగ్గయింది, ఇంకోచోట గ్యాసయింది. మనం ఇక్కడ చేసే పనల్లా దాన్ని లేపి, మళ్ళీ ఒకసారి ఎండలా కాయించడమే. ఒక్కసారే సుమా. రెండోసారి కాయదు. కాబట్టి ఎంత ఖర్చయిందో, ఎంత వచ్చిందో జాగ్రత్తగా రాయి."

అంతవరకు నాకు అంకెలు రాయడమంటే గుమాస్తా పని. ఆ రోజు తరవాత కాగితం మీద ఒక్కొక్క గడీ నింపుతుంటే ఏదో ప్రాచీనమైన వెలుతురుని కొలుస్తున్నట్టుండేది.

ఆ గది గోడ మీద ఎర్రటి అంకెలతో చిన్న పెట్టె ఒకటి ఉండేది. అది ఫ్రీక్వెన్సీ చూపిస్తుంది. కరెంటు అడిగేవాళ్ళు ఎక్కువై, ఇచ్చేవాళ్ళు తక్కువైతే అంకె యాభై నుంచి కిందికి జారుతుంది. అడిగేవాళ్ళు తగ్గితే పైకి లేస్తుంది. దక్షిణాది నాలుగు రాష్ట్రాలకీ ఒకే అంకె. సోమయాజులు గారు టీ తాగుతూ దానికేసి ఏరు చూసినట్టు చూసేవారు. ఒక సాయంత్రం బయట మబ్బుల్లేవు, గాలి లేదు. అంకె మెల్లిగా పైకి పాకుతోంది.

"అనంతపురం వైపు వాన పడుతోందయ్యా" అన్నారు.

నేను నవ్వాను. "ఇక్కణ్ణించి ఎలా కనబడిందండీ?"

"బోరు మోటార్లు కట్టేస్తున్నారు. చూడు, ఎంత నిదానంగా లేస్తోందో. ఏదో ఫ్యాక్టరీ ఆగితే దబ్బున లేస్తుంది. ఇది ఒక్కొక్క రైతూ నడిచి వెళ్ళి ఒక్కొక్క స్విచ్చి కట్టడం."

మర్నాడు పేపర్లో రాయలసీమ వాన గురించి రాశారు. ఆ పేపరు పట్టుకుని ఆయన దగ్గరికి పరిగెత్తాను. "అదేం విద్య కాదయ్యా" అన్నారాయన. "నులకమంచం మీద నలుగురు పడుకున్నప్పుడు ఒకడు పక్కకి తిరిగితే మిగతా ముగ్గురికీ తెలీదూ? అలాంటిదే. అందరం ఒకే మంచం మీదున్నాం." అప్పటినుంచి ఆ అంకె నాకు అంకెలా కనబడలేదు. పొద్దున్నే అది వంగితే నూలు మిల్లుల్లో పట్టీలు బిగుస్తున్నట్టు, పాలకొల్లు అవతల రొయ్యల చెరువుల్లో గాలి నింపే చక్రాలు నీళ్ళని తెల్లగా చిలుకుతున్నట్టు, మా వైపు మిల్లుల్లో బియ్యం జలజలా రాలుతున్నట్టు ఉండేది. దేశం చేసే పనంతా ఒక చిన్న ఎర్రటి పెట్టెలో ఊపిరి తీస్తున్నట్టుండేది.

రెండువేలు దాటాక గ్యాసు తగ్గడం మొదలైంది. ఒకరోజు మధ్యాహ్నం పూర్తిగా ఆపమన్నారు. యంత్రం ఆగినప్పటి ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తే. ముందు మోత సన్నబడింది, తరవాత ఎవరో పెద్ద నిట్టూర్పు విడిచినట్టయింది, ఆ తరవాత పిట్టల కూతలు వినబడ్డాయి. అన్నేళ్ళూ ఆ పిట్టలు అక్కడే ఉన్నాయన్నమాట. ఇంటికి వెళితే మా నాన్న వీధిలో మంచం వేసుకుని కూర్చుని, "ఏరా, మీ మిషను మానేసిందేంటి? చెవులు గుయ్యిమంటున్నాయి" అన్నాడు.

"గ్యాసు లేదు నాన్నా."

"మన కాళ్ళ కిందే ఉందన్నారు గదరా!"

"ఆయ్. అందరికీ సరిపోటల్లేదంట."

"నా చెరుకే నయం. ఏడాదికోసారైనా వచ్చేది" అని అటు తిరిగి పడుకున్నాడు.

కొందరు వేరే ఉద్యోగాలకి వెళ్ళిపోయారు. కొద్దిమందిమి మిగిలాం. గ్యాసు ఏ రోజైనా రావచ్చు, వచ్చిన రోజున కేంద్రం సిద్ధంగా ఉండాలి, అదీ మా ఉద్యోగం. సోమయాజులు గారు మాత్రం వేళ తప్పకుండా ఇస్త్రీ చొక్కాతో వచ్చేవారు. నన్ను గంటగంటకీ మీటరు చూసి రాయమనేవారు. ఉత్పత్తి సున్నా. తరవాతి గంట, సున్నా. ఒకరోజు విసిగిపోయి, పొద్దున్నే ఇరవైనాలుగు గడుల్లోనూ వరసగా సున్నాలు చుట్టేశాను. ఆయన ఆ కాగితం తీసి చూశారు. కోప్పడలేదు. కొత్త కాగితం నా ముందు పెట్టారు.

"ఇంకా తొమ్మిదే గదయ్యా అయింది. సాయంత్రం అయిదింటికి సున్నా అని నీకెలా తెలుసు?"

"ఇంకేముంటుందండీ? మిషనే ఆగిపోయె!"

"ఉండకపోవచ్చు. కానీ సున్నా కూడా చూసి రాయాలి. చూడకుండా రాస్తే అది సున్నా కాదు, అబద్ధం."

నాకు అదొక ముసలి చాదస్తం అనిపించింది. పని లేని చోట పని ఉన్నట్టు నటిస్తున్నారనుకున్నాను. పైగా నా మనసు అప్పుడు వేరేచోట ఉంది. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకి వ్యాసాల పోటీ పెట్టారు. 'విద్యుత్తు – జాతి ఉత్పత్తి' అన్న విషయం తీసుకున్నాను. గ్రంథాలయాధికారి కామేశ్వరి గారు నాకోసం రాజమండ్రి పెద్ద గ్రంథాలయం నుంచి కూడా పుస్తకాలు తెప్పించారు. బొగ్గు, నూనె, గ్యాసు ఎంత మండిస్తే ఎంత కరెంటు వచ్చిందో, కరెంటు పెరిగిన దేశాల్లో సంపద ఎలా పెరిగిందో, రెండు గీతలూ జంటగా పైకి వెళ్ళే పటాలు ఉండేవి వాటిలో. ఆ గీతలు చూస్తుంటే నాకు మెట్ల మీద నడుచుకుంటూ మేఘాల్లోకి వెళుతున్నట్టుండేది. ఒకరోజు ఆ పటం పట్టుకెళ్ళి ఆయనకి చూపించాను.

"కరెంటు పెరిగితే ఉత్పత్తి పెరుగుతుందండీ. రుజువు చేశారు."

ఆయన కళ్ళజోడు పైకి నెట్టి చాలాసేపు చూశారు. "రెండూ కలిసి పెరిగాయని ఉంది. ఏది దేన్ని లాగిందో ఎక్కడుంది?"

"కరెంటే లాగుద్దండి. మిల్లుకి కరెంటు లేపోతే బియ్యం ఎక్కడివి?"

"ధాన్యం లేకపోతే మిల్లుకి కరెంటెందుకు? మీ నాన్నగారి చెరుకు గానుగ గుర్తు తెచ్చుకో. చెరుకు లేని నెలలో ఇంజను ఎంత తిప్పినా బెల్లం వచ్చేదా? ఇద్దరు పిల్లలు చెయ్యీ చెయ్యీ పట్టుకుని గట్టు మీద పరిగెడుతుంటే, ఎవరు ఎవర్ని లాగుతున్నారో దూరాన్నుంచి తెలుస్తుందా? దగ్గరికెళ్ళి చూడాలి. ఒకరోజు ఒకడు లాగుతాడు, ఇంకోరోజు ఇంకోడు." పటం తిరిగి ఇస్తూ, "రాయి, రాయి. బాగా రాస్తావు నువ్వు. దగ్గరికెళ్ళి మరీ రాయి" అన్నారు.

దగ్గరికి వెళ్ళడం మాట అటుంచి, నేను ఉన్నచోటు నుంచే దూరం జరిగాను. ఎలాగో చెప్పాలి. ఆవిరి టర్బైనులో రోటరు అని పెద్ద ఇరుసు ఉంటుంది, కొన్ని పదుల టన్నుల బరువు. అది ఏళ్ళ తరబడి కదలకుండా ఒకే వైపు పడుకుంటే, తన బరువుకి తనే కొంచెం వంగుతుంది. వెంట్రుకవాసి వంగినా చాలు, వేగంగా తిరిగినప్పుడు అదిరి, లోపలి రెక్కలన్నీ చెక్కుకుపోతాయి. అందుకని యంత్రం ఆగి ఉన్నా వారానికోసారి నూనె పంపు వేసి, చిన్న మోటారుతో రోటరుని నెమ్మదిగా తిప్పి, కిందివైపు పైకి వచ్చేలా ఆపాలి. దాని చివర తెల్లరంగు గుర్తు ఉంటుంది. ఈ వారం గుర్తు పైనుంటే, వచ్చే వారం కింద. పడుకున్న రోగిని పక్క మార్చి పడుకోబెట్టడం లాంటిది. ఆ పని బుధవారం బుధవారం నాది. రెండు గంటలు పడుతుంది. అయ్యాక రిజిస్టరులో 'తిప్పడమైనది' అని రాసి, గుర్తు పైనో కిందో రాసి, సంతకం పెట్టాలి.

వ్యాసం చివరికి వచ్చిన రోజులవి. తుఫాను వానలు. బుధవారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక కంట్రోల్ రూము మూలన పుస్తకాలు పరుచుకుని కూర్చునేవాణ్ణి. కిటికీ మీద వాన జారుతుంటే, నేను ఇంగ్లండు బొగ్గు గురించో, జపాను ఫ్యాక్టరీల గురించో రాసుకుంటూ ఆ పొగమంచులో తిరుగుతుండేవాణ్ణి. గడియారం చూసేసరికి రెండు గంటలూ గడిచిపోయేవి. ఏడాది నుంచి తిప్పుతున్నాం, ఏమైంది? ఈ ఒక్క వారానికి ఏమవుతుంది? 'తిప్పడమైనది' అని రాసి సంతకం పెట్టాను. పై వారం అంతకంటే తేలిగ్గా చెయ్యి తిరిగింది. మూడో వారం ఆలోచించను కూడా లేదు.

ఆ తరవాతి సోమవారం కబురొచ్చింది. గ్యాసు వాడే వేరే ఫ్యాక్టరీ ఏదో మరమ్మతుకి ఆగిందట. ఆ గ్యాసు పదిరోజులు మాకిస్తారట, మర్నాడు పదింటికల్లా కరెంటు ఇవ్వాలిట. సార్వా కోతల మీద తుఫాను వచ్చి పడింది. ధాన్యం తడిసిపోయింది. ఆరబెట్టే యంత్రాలున్న మిల్లుల్లో కూడా పూట పూటకీ కరెంటు పోతోంది. మాకు మిగిలిన రెండెకరాల ధాన్యం కూడా మిల్లు వసారాలో మొలకెత్తడానికి సిద్ధంగా ఉంది. కరెంటు వస్తోందని మా నాన్న ఆ సోమవారం నాకేసి మొదటిసారి ఉద్యోగస్తుణ్ణి చూసినట్టు చూశాడు.

మంగళవారం పొద్దున్న కంట్రోల్ రూము గుమ్మానికి మామిడాకులు కట్టారు. కొబ్బరికాయ కొట్టారు. సోమయాజులు గారి ముఖం పెళ్ళికొడుకు తండ్రిలా ఉంది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని రోటరు రిజిస్టరు తెరిచారు. వేలు ఒక్కొక్క బుధవారం మీదుగా కిందికి జారుతోంది. "పై... కింద... పై... కింద... పై. శుభ్రంగా ఉంది. గంట తిప్పితే చాలు, వేగం ఎక్కించేద్దాం" అన్నారు. ఆయన వేలు నా సంతకం మీద ఆగి ఉంది.

"ఏవండీ... ఒక్క మాటండీ."

"చెప్పవయ్యా."

"రెండు బుధవారాలు తిప్పలేదండి. రాసేశాను."

రెండన్నాను. మూడని చెబుదామనే నోరు తెరిచాను, రెండే వచ్చింది. సగం దించుకున్న బరువు కూడా బరువు దించుకోవడమే అనిపించింది ఆ క్షణాన. గదిలో అందరూ నాకేసి చూశారు. సోమయాజులు గారు టార్చిలైటు తీసుకుని టర్బైను హాలుకి నడిచారు. నేను వెనకే వెళ్ళాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, జాలీ సందులోంచి రోటరు చివర లైటు వేసి చూశారు. లేవడానికి కొంచెంసేపు పట్టింది. పాంటు దులుపుకుంటూ, నెమ్మదిగా అడిగారు.

"ఇంకా ఏమన్నా చెప్పాల్సింది ఉందా?"

"లేదండి."

"సరే" అన్నారు.

తిరిగి వచ్చి, ఎక్కడికి ఎంత కరెంటు వెళ్ళాలో చూసే లోడ్ డిస్పాచ్ ఆఫీసుకి ఫోను చేశారు. స్పీకరు పెట్టారు కాబట్టి అందరం విన్నాం. "ఇవాళ పదింటికి రాలేమండి. రోటరు ఒక పగలూ రాత్రీ తిప్పాలి. రేపు పొద్దున్న వస్తాం."

అవతలి ఆయన గొంతు నెమ్మదిగానే వచ్చింది. "చాలా ఇబ్బందండీ. లైన్లో మిల్లులవాళ్ళు కాచుక్కూర్చున్నారు. కారణం ఏం రాయమంటారు?"

"చెయ్యాల్సిన పని చెయ్యలేదని రాసుకోండి. బాధ్యుడు ఇన్‌చార్జి సోమయాజులు. నా పేరే."

"ఏవండీ, తిప్పనిది నేనండీ..." అని నేను ముందుకి వచ్చాను. ఆయన చేత్తో నన్ను ఆపారు. అవతలి ఆయన తాను రాసింది ఒకసారి చదివి వినిపించి, ఫోను పెట్టేశారు.

ఆ పగలూ రాత్రీ రోటరు నిమిషానికి రెండు మూడు చుట్లు చొప్పున, నిద్రలో పక్కకి దొర్లే మనిషిలా తిరిగింది. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పెద్ద ఆఫీసు నుంచి వచ్చిన ఫోన్లన్నీ ఆయనే మాట్లాడారు. మధ్యలో ఒకసారి ఆ రిజిస్టరు తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. "గీత కొట్టి సరిచెయ్యి. ఒక్కటే గీత. కింద ఉన్నది చదవడానికి రావాలి. తప్పు కనబడకుండా చేస్తే దిద్దినట్టు కాదు." రెండు బుధవారాలు కొట్టి 'తిప్పలేదు' అని రాశాను. ఆయన చూసి, ఆ పేజీ అడుగున ఒక వరస ఖాళీ వదిలేసి, దాని కింద సంతకం చేశారు. ఎందుకు వదిలారో అప్పుడు అడగలేదు. అడగకూడదని లోపల తెలుసు.

బుధవారం పొద్దున్న యంత్రం లేచింది. ఎక్కడా అదురు లేదు. మోత మళ్ళీ గోడల్లోంచి మా ఒంట్లోకి దిగింది. ఎర్రటి అంకె కొద్దిగా తేరుకుంది. మా నాన్న ధాన్యంలో ఒక బస్తా మొలకెత్తింది, మిగతాది దక్కింది. "ఒక్క రోజు ముందిచ్చుంటే ఆ బస్తా కూడా..." అని మా నాన్న అంటుంటే నేను పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఆ శనివారమే గ్రంథాలయ సభ. నా వ్యాసానికి రెండో బహుమతి. చదవమన్నారు. ముందు వరసలో సోమయాజులు గారు, పక్కన వాళ్ళావిడ రాజ్యలక్ష్మి గారు. గొంతు సవరించుకుని చదువుతూ పోయాను. మన ప్రాంతపు కేంద్రాలు ఎంత సిద్ధంగా ఉన్నాయో చెప్పే పట్టిక దగ్గరికి వచ్చాను. అందులో మా కేంద్రం వరస కూడా ఉంది. మా ఆఫీసు వారంవారం అచ్చువేసే నివేదికలోంచి నేనే ఎంతో శ్రద్ధగా ఎత్తి రాసుకున్నాను. 'ఈ వారమంతా పూర్తి సిద్ధం' అని ఉంది. ఆ నివేదిక ఎక్కణ్ణించి వచ్చింది? మా రిజిస్టర్లలోంచి. ఆ వారం రోటరు రిజిస్టరు ఎవరు రాశారు? పుస్తకాల బీరువాలన్నీ తిరిగి, దేశదేశాల లెక్కలు దాటి, నా అబద్ధం అచ్చులో నా చేతికే వచ్చింది. ఆ వరస మింగేసి, తరవాతి పేరాకి దూకాను. చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక మెట్ల మీద ఆయన నన్ను ఆపారు. "వ్యాసం బావుందయ్యా. మధ్యలో ఒక వరస మింగేశావేంటి?"

"అది నిజం కాదండి." ఇక ఆగలేకపోయాను. "రెండు కాదండి. మూడు. మూడు బుధవారాలు."

"తెలుసు."

"తెలుసాండీ?"

"రెండుసార్లు మానేస్తే గుర్తు ఉండాల్సిన చోటే ఉంటుంది. మూడుసార్లు మానేస్తేనే తిరగబడుతుంది. నువ్వు పైన అని రాశావు, అది కింద ఉంది. అందుకేగా గంటతో పోయేదాన్ని రాత్రంతా తిప్పాను."

"మరి నన్ను అడగలేదేంటండీ?"

"అడిగానుగా! లేదన్నావు."

రాజ్యలక్ష్మి గారు పక్కనుంచి, "వాణ్ణి ఏడిపించకండి, పాపం బహుమతి వచ్చిన రోజు" అన్నారు. ఆయన నవ్వారు. "ఏడవనీవే. సోమవారం వెళ్ళి ఆ ఖాళీ వరస నింపు నాయనా. మొన్నటి మంగళవారం తారీకు వెయ్యకు. రాసిన రోజు తారీకే వెయ్యి."

నింపాను. స్టోరు చూసే నూకరాజు గారు బీరువా తెరిచి రిజిస్టరు ఇచ్చి, నేను రాస్తున్నంతసేపూ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డారు. ఆ పదిరోజుల తరవాత గ్యాసు ఆగిపోయింది. అంతకుముందు సోమయాజులు గారికి ఉద్యోగం మరో రెండేళ్ళు పొడిగిస్తారని అందరూ అనుకునేవారు. ఆయనా అనుకునేవారు. ఆ ఒక్కరోజు ఆలస్యానికి వచ్చిన కాగితం తరవాత ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మార్చిలో రిటైరయి ఊరికి వెళ్ళిపోయారు. నేను క్షమించమని అడిగితే, "ఆ మిషను ఒక్కసారి కూడా అదరకుండా లేచిందయ్యా. రిటైరయ్యేవాడికి ఇంకేం కావాలి?" అన్నారు. మాట నిబ్బరంగానే ఉంది. కానీ బల్ల మీది కాగితాలు సంచిలో సర్దుకుంటూ, ఆకు అచ్చున్న రాయిని రెండుసార్లు లోపల పెట్టి మళ్ళీ బయటికి తీశారు. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఇప్పటికీ గ్రంథాలయానికి వెళతాను. ఏ దేశం ఎంత బొగ్గు కాల్చింది, ఎంత కరెంటు తీసింది, ఎంత ఉత్పత్తి చేసింది అన్న పట్టికలు ఇప్పటికీ ఇష్టంగానే చదువుతాను. ఒక్కొక్క గడి దగ్గరా వేలు పెట్టి ఆగుతాను. ఎక్కడో ఒక గదిలో, వాన పడే మధ్యాహ్నం, ఎవరో ఒక మనిషి ఆ అంకె రాసి ఉంటాడు. లేచి వెళ్ళి చూసి రాశాడా? అక్కడే కూర్చుని రాశాడా? చూసి రాసి ఉంటాడనే నమ్ముతాను. నేను చూడకుండా రాసిన మూడు వారాలని మాత్రం ఆ నమ్మకంలోంచి తీసేస్తాను.

ఈ సంగతులు సరిచూసి చెప్పిన రాజ్యలక్ష్మి గారికి, పుస్తకాలిచ్చి నన్ను చదివించిన కామేశ్వరి గారికి, బీరువా తెరిచి ఏమీ అడగని నూకరాజు గారికి, మొలకెత్తిన బస్తా సంగతి మళ్ళీ ఎప్పుడూ ఎత్తని మా నాన్న వీర్రాజుకి నా నమస్కారాలు. ఇంకొకరున్నారు, ఆయన పేరు నాకు తెలియదు. ఆ మంగళవారం పొద్దున్న ఫోనుకి అవతల ఉన్న మనిషి. కోప్పడవలసిన రోజున కోప్పడకుండా, "కారణం ఏం రాయమంటారు?" అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకుని, చదివి వినిపించారు. ఆ నెల మా కేంద్రం గురించి ఎవరెవరు ఎన్ని కాగితాలు రాశారో నాకు తెలుసు. వాటన్నిటిలోనూ మొదటిసారి రాసినప్పుడే సరిగ్గా ఉన్న వాక్యం ఆయన రాసిందొక్కటే.